బాపులపాటి గోడమీద వెండి

నూజివీడు స్టేషనులో దిగినవాడికి నూజివీడు కనుపించదు. బోర్డుమీద నూజివీడు అనే ఉంటుంది. ఊరు మాత్రం అక్కడికి పద్దెనిమిది, ఇరవై కిలోమీటర్ల దూరాన ఉంది. మనం దిగిన చోటు హనుమాన్ జంక్షను. దాన్ని ఆనుకొని బాపులపాడు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఊరేమో ఏలూరు జిల్లాలోకీ, ఊరి పేరు మోసే స్టేషనేమో కృష్ణా జిల్లాలోకీ పడ్డాయి. కొత్తవాళ్ళు కొందరు మామిడిపళ్ళమీద ఆశతో ఖాళీసంచీ చంకన పెట్టుకొని దిగి, తోటలేవీ అని నలుదిక్కులా చూస్తారు. కనుపించేవి ఆటోలు, లారీలు, నాలుగు దారుల కూడలి, ఆ కూడలికి పేరిచ్చిన ఆంజనేయస్వామి. ఒక దారి విజయవాడకు, ఒకటి ఏలూరుకు, ఒకటి గుడివాడకు, ఒకటి నూజివీడుకు. రసాలు కావాలంటే ఆ నాలుగోదారి పట్టాలి.

నేను వెళ్ళింది రసాలకోసం కాదు. భాద్రపదమాసంలో ఏం రసాలు? మా అక్కయ్య నూతిపళ్ళెం దగ్గర కాలుజారి పడి కుడిచెయ్యి మణికట్టు విరగ్గొట్టుకుంది. చూచి పలకరించి మర్నాటి బండికి వచ్చేద్దామనుకున్నవాణ్ణి అయిదురోజులు ఉండిపోయాను. ఉంచింది అక్కయ్య కాదు, నాచు.

గుమ్మంలో అడుగు పెట్టేసరికి వసారాలో యుద్ధసన్నాహం కనుపించింది. రెండు సంచుల బ్లీచింగ్ పౌడరు, ఒక డబ్బా ఆసిడు, మూడు ఇనుపబ్రష్షులు, ఆ పక్కనే అయిదు బస్తాల సిమెంటు. మా బావగారు పడకకుర్చీలో కూర్చుని మేస్త్రీతో బేరమాడుతున్నారు.

"వచ్చావా! సమయానికి వచ్చావు. ఈ ఇంట్లో పచ్చనిదంటూ లేకుండా చేస్తున్నాను. గోడలన్నీ గీకించి నున్నగా సిమెంటు పూయించేస్తాను. మీ అక్కయ్యను పడేసిన పాచిని వదిలేది లేదు" అన్నారు.

"కరివేపాకు చెట్టయినా ఉంచుతారా?" అంది అక్కయ్య లోపలినుంచి.

"నువ్వు నలభై ఏళ్ళు బాటనీ చెప్పావు గదా, చెప్పు. ఈ నాచు చావాలంటే ఆసిడు మంచిదా, బ్లీచింగు మంచిదా?"

ఇక్కడ నా గుట్టు ఒకటి విప్పక తప్పదు. నలభై ఏళ్ళు పిల్లలకు నాచు పాఠం చెప్పాను. నాచంటే మాకు ఫ్యునేరియా. బాటనీ చదివినవాళ్ళలో ఆ బొమ్మ వెయ్యనివాడు ఉండడు: కింద మూలతంతువులు, మధ్య ఆకులు, పైన కాడ, కాడ చివర గుళిక. ఆ ఫ్యునేరియా కొండప్రాంతాలనుంచి ఫార్మలిన్ సీసాలో మునిగి వచ్చేది. దాన్ని చిమటాతో తీసి అద్దంపలకమీద పెట్టి చూపించి మళ్ళీ సీసాలో వేసేవాణ్ణి. మా కాలేజీ ప్రహరీగోడ మీద కూడా నాచు ఉండేదే. ఒక్కనాడూ వంగి చూచిన పాపాన పోలేదు. అందుచేత బావగారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

"ఒక్కరోజు ఆగండి, బావగారూ. చూచి చెబుతాను" అన్నాను.

"నాచును చూచేదేముంది!" అన్నారుగాని, మేస్త్రీని మర్నాడు రమ్మన్నారు. నా సంచిలో పాత భూతద్దం ఉంది, పదింతలు పెద్దది చేసి చూపేది. అక్కయ్య మనవడు, పదేళ్ళవాడు, బడికి సెలవేమో, నా వెంటబడ్డాడు.

మొదట నేరం జరిగిన చోటికి వెళ్ళాం. నూతిపళ్ళెం అంచున రెండు జానల మేర నల్లగా, ఆకుపచ్చగా, గంజిపొర కట్టినట్టు ఉంది. వేలు పెడితే జారిపోయింది. భూతద్దంలో చూస్తే కాడ లేదు, ఆకు లేదు. వట్టి జిగురు. ఇది నాచు కానే కాదు. నీలి ఆకుపచ్చ శైవలాలని పాఠాల్లో చెబుతాం. కంటికి ఆనని ప్రాణులు లక్షలకు లక్షలు చేరి, ఒంటిచుట్టూ జిగురు కప్పుకొని, తడి ఉన్నంతకాలం ఆ జిగురులో కాపురముంటాయి. మనిషి కాలికింద ఆ జిగురే నూనె. నాచుకయితే ఎంత చిన్నదయినా కాడ ఉంటుంది, ఆకులుంటాయి. అదీ మొక్కే. తడిసిన నాచుమీదా కాలు జారదని అననుగాని, అక్కయ్యను పడేసినది మాత్రం ఈ జిగురే.

తెలుగులో రెంటికీ తేడా లేకుండా పాచి అంటాం. ఆ మాటకు మనం చేసిన అన్యాయం ఇంతా అంతా కాదు. పాచిముఖం, పాచిపళ్ళు, పాచిపని! కడగవలసినదల్లా పాచే. గోడమీద ఆ చిన్ని మొక్క ఏ జన్మలో ఏం చేసుకున్నదో, ఆ జాబితాలో చేరిపోయింది.

ఇక గోడ. మా బావగారి తాతగారు కట్టించిన ఇల్లది. ఇటుక, గానుగసున్నం. గానుగసున్నమంటే ఈకాలం పిల్లలకు తెలియదు. గుండ్రంగా తవ్విన గాడిలో సున్నమూ ఇసుకా నీళ్ళూ పోసి, ఎడ్లను కట్టి రాతిచక్రాన్ని తిప్పించి, వెన్నలా అయ్యేదాకా నూరేవారు. వెనకవైపు ప్రహరీకి పూత పూయలేదు. ఇటుకలు బయటికే కనుపిస్తాయి. కాపీపుస్తకంలో గీతలు గీచినట్టు ఇటుకకూ ఇటుకకూ మధ్య పచ్చనిగీతలున్నాయి. నాచు ఇటుకమీద లేదు. దరుజుల్లో ఉన్న సున్నంమీద ఉంది. వానపడితే సున్నం నీటిని నెమ్మదిగా తాగి నెమ్మదిగా వదులుతుంది. నాచుకు కావలసింది అదే. కొత్త సిమెంటు అలా కాదు. దాని క్షారగుణం మొదట్లో పి.హెచ్. 12 దాటి ఉంటుంది. దానిమీద ఏదీ బతకదు. ఏళ్ళు గడిచి గాలికీ వానకీ ఆ ఘాటు చచ్చాకగాని నాచు అడుగు పెట్టదు.

మేం వెళ్ళినప్పుడు వానపడి మూడురోజులయింది. ఎండ పేలిపోతోంది. గోడమీద నాచు గోధుమరంగుకు తిరిగి, కాల్చిన దారప్పోగుల్లా ముడుచుకుపోయి ఉంది. చచ్చిందన్నాడు చిన్నవాడు. చెంబుతో నీళ్ళు తెమ్మని గోడమీద చిలకరించమన్నాను. భూతద్దం వాడి చేతికిచ్చాను. నిమిషం తిరక్కుండా వాడు కేకపెట్టాడు. ముడుచుకున్న ఆకులు ఒక్కొక్కటే విచ్చుకొని, వెనక్కు వాలి, పచ్చని చిన్నిచిన్ని నక్షత్రాలై కూర్చున్నాయి. మన దేశంలో గోడలమీద తరచు కనుపించే ఈ జాతి పేరు హయోఫిలా ఇన్వల్యూటా. ఇన్వల్యూటా అంటే లోపలికి చుట్టుకున్నది అని. ఎండితే ఆకు అంచులు లోపలికి చుట్టుకొని గొట్టమయిపోతాయి.

"నిద్ర లేచింది, తాతయ్యా!"

లేచిందంటే మాటవరసకు కాదు. నాచుకు వేళ్ళు లేవు. కింద ఉన్న తంతువులు పట్టుకోవడానికే ముఖ్యంగా. చాలా నాచుల్లో ఆకు మందం ఒక్క కణం. నీళ్ళు ఒంటినిండా తాగుతుంది, ఒంటినిండా పోగొట్టుకుంటుంది. దాచుకోవడానికి కుండలేదు, తోడుకోవడానికి నుయ్యిలేదు. చుట్టూ ఉన్న గాలి ఎండితే తనూ ఎండుతుంది, తడిస్తే తడుస్తుంది. రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయంటాం. ఆ రోహిణిలో ఈ గోడ చెయ్యిపెడితే కాలుతుంది. దానిమీద నాచు నల్లగా మాడి, నిద్రపోతూ, మృగశిర తొలకరికోసం కాచుకు కూచుంటుంది. ఇందులో చిత్రమేమిటంటే, తడిగా ఉన్న నాచు ఆ వేడికి తొందరగా చచ్చిపోతుంది. ఎండి ఉండటమే దానికి రక్ష.

అయితే మేలుకున్నప్పుడల్లా లాభమని అనుకోకూడదు. లేవగానే ఎండినప్పుడు తగిలిన దెబ్బలు బాగుచేసుకోవాలి. దానికి తిండి ఖర్చు. అది అయ్యాక గాని సంపాదన మొదలవదు. పొరుగూరు కూలికి వెళ్ళినవాడి సంగతే అనుకోండి. పోనూరానూ ఛార్జీలు పెట్టుకొని వెళ్ళాక గంటసేపే పని ఉంటే ఏం మిగులుతుంది? నాలుగు చినుకులు పడి వెంటనే ఎండకాస్తే నాచుకు ఆ గతే. అందుచేత తడి ఒక్క గంట ఎక్కువసేపు నిలిచినా దానికి బతుకు గిట్టుబాటవుతుంది. ఆ ఒక్క గంట నిలుపుకోవడానికే నాచు తన ఆకారాన్ని మార్చుకుంటుంది.

సాయంత్రం చిన్నవాణ్ణి తీసుకొని కూడలికి వెళ్ళాను. కాలువమీద కాంక్రీటు పలకలు, రోడ్డు మధ్య గట్టు, లారీల దుమ్ము, డీజిలు పొగ. పలకకూ పలకకూ మధ్య సందుల్లో బటానీగింజ మొదలు రూపాయిబిళ్ళ వరకు గుండ్రని చిన్న దిండ్లు కనుపించాయి. వాటిమీద వెన్నెల పడినట్టు తెల్లని మెరుపు. కింద కూర్చుని భూతద్దం పెట్టాను. అంతే, నాలుగు నిమిషాల్లో జనం పోగయ్యారు.

"ఏం పోయిందండీ?" అన్నాడొక ఆటో అబ్బాయి.

"ఏమీ పోలేదు."

"ఉంగరమా?" అన్నాడు ఇంకొకడు. ముగ్గురు వంగి వెతకడం మొదలుపెట్టారు. నాచు చూస్తున్నానంటే నమ్మలేదు. చివరకు ఆ ఆటో అబ్బాయికి భూతద్దమిస్తే చూచి, "వెండిపూత వేసినట్టుందే!" అన్నాడు.

వాడన్నదే దాని పేరు. బ్రయం అర్జెంటియం. అర్జెంటియం అంటే వెండిదని అర్థం. లైప్జిగ్ నగరంలో వైద్యం చేస్తూ నాచులను చదివిన యోహాన్ హెడ్విగ్ అనే ఆయన గ్రంథం, ఆయన 1799లో పోయాక, 1801లో అచ్చయింది. నాచుల పేర్లకు శాస్త్రజ్ఞులు ఈనాటికీ ఆ పుస్తకాన్నే మొదలుగా లెక్కవేస్తారు. ఈ పేరు అందులోదే. ఈ వెండినాచు అంటార్కిటికాతో సహా అన్ని ఖండాల్లోనూ ఉంది. లండను కాలిబాటమీదా ఉంది, హనుమాన్ జంక్షనులోనూ ఉంది. పెద్ద సామాను లేనివాడికి ప్రయాణం సుళువు; చిన్న కొమ్మ విరిగి చెప్పుకు అంటుకుంటే చాలు, మరో సందులో మొలకెత్తుతుంది. తొక్కుడే దానికి విత్తనాలు చల్లడం.

వెండి ఎక్కడిదంటే, ఆకు పైభాగంలో పత్రహరితం ఉండదు. ఆ కణాలు ఖాళీ. కాడచుట్టూ జడ అల్లినట్టు ఆకులు ఒకదానిమీద ఒకటి ఒత్తుకొని ఉంటాయిగనక, ఆ ఖాళీ కొసలన్నీ కలిసి కింది పచ్చదనానికి గొడుగు పడతాయి. వెలుతురు వాటిమీద పడి చెదిరిపోతుంది. ఎర్రని ఎండలో తలకు తెల్లతుండు చుట్టుకున్నట్టన్న మాట. ఇక దిండు ఆకారం. ఒంటికాడ నిలబడితే చిటికెలో ఎండిపోతుంది. వందల కాడలు భుజం భుజం ఒరుసుకొని నిలబడితే మధ్యసందుల్లో నీళ్ళు చిక్కుకుంటాయి. పైన గుండ్రంగా ఉంటే గాలి జారిపోతుంది. లోపలి తడికి గాలి తగిలే చోటు తక్కువ. ముందు ఆరేది అంచు, చివర ఆరేది నడుము. సూదితో ఒక దిండును నిలువునా కోసి చూచాం. పైన బియ్యపుగింజలో సగం ఎత్తు మాత్రమే బతికిన నాచు. దాని కిందంతా నల్లని ధూళి, ఇసుక. దుమ్ము మీదపడుతున్నకొద్దీ దాన్ని కిందికి తొక్కి పైకి లేస్తూ, తన మట్టిని తనే పోగుచేసుకుంటోంది.

"ఇంత మసి తింటే దానికి జబ్బు చెయ్యదా?" అన్నాడు చిన్నవాడు.

మంచి ప్రశ్న. వేళ్ళులేని మొక్క గాలిలో ఏది వస్తే అది ఒంటికి పట్టించుకుంటుంది. అమెరికాలో పోర్ట్‌లండ్ అనే నగరముంది. అక్కడి అటవీశాఖ శాస్త్రజ్ఞులు 2013 డిసెంబరులో ఊరంతా తిరిగి చెట్లమీద నాచు 346 చోట్ల గిల్లి పరీక్ష చేశారు. రెండుచోట్ల కాడ్మియం అనే విషలోహం విపరీతంగా కనుపించింది. ఏముందా అని చూస్తే ఆ రెండుచోట్లా రంగుగాజు తయారయ్యే కార్ఖానాలు! 2016లో సంగతి బయటపడి ఊరు అట్టుడికిపోయాక కార్ఖానాలవాళ్ళు కాడ్మియం వాడకం ఆపారు. యంత్రాలు పెట్టి కొలిచినా ఊరంతటా అన్నిచోట్ల పెట్టలేరు గదా. నాచు అన్నిచోట్లా ముందే కూర్చుని ఉంది. ఆ రాత్రి ఈ కథ చెబితే బావగారు కొంచెం మెత్తబడ్డట్టు కనుపించారు. "అయితే మన జంక్షను నాచులో ఏముంటుందంటావు?" అని కూడా అడిగారు. గిల్లి పరీక్షకు పంపితేగాని ఎవరు చెప్పగలరు?

ఆరోజు ఇంటికి వస్తూ ఉండగా తగిలినదే నాకు ఎక్కువ ఉపకారం చేసింది. కూడలినుంచి ఊళ్ళోకి వచ్చే సందులో ఒక దుకాణం పక్కగోడకు ఏసీపెట్టె ఉంది. దాని గొట్టంనుంచి చుక్కచుక్కగా నీళ్ళు కాంక్రీటుమీద పడుతున్నాయి. ఆ చుక్క పడేచోట పచ్చిక మొలిచినట్టు పొడుగ్గా, వదులుగా, ఆకుపచ్చగా నాచు. ఒక్క కాడను గిల్లి భూతద్దం కింద పెట్టాను. చూచి, నమ్మలేక మళ్ళీ చూచాను. అదే జడ, అదే అల్లిక, అదే కోలాకు. అది మన వెండినాచే! వెండి మాత్రం లేదు. ఆకుకొస దాకా పత్రహరితం నిండి ఉంది. కాడలు మూడు బియ్యపుగింజలంత ఎత్తు, దేనికది విడిగా, గాలి ఆడేటట్టు నిలబడి ఉన్నాయి. నూరుగజాల దూరంలో తెల్లతుండు చుట్టుకొని మోకాళ్ళు ముడుచుకు కూర్చున్నవాడే ఇక్కడ తుండు విప్పేసి కాళ్ళు బారచాపుకున్నాడు. నీళ్ళకు కొదవలేదు, గోడనీడ ఉంది. ఇక దాపరికం దేనికి? వేసవిలో ఊళ్ళో నాచంతా మాడి నిద్రపోయే నెలల్లో ఏసీలు ఎక్కువ తిరుగుతాయిగనక, ఇక్కడివాడికి అప్పుడే వానకాలం. పాత పుస్తకాల్లో ఈ కార్తె లేదు.

ఇది తెలిశాక మర్నాడు ఉదయం ఆ ప్రహరీగోడ నాకు మరో విధంగా కనుపించింది. పైవరసల్లో నాచు కురచగా, గట్టిగా, ముడుచుకొని ఉంది. సబబే, ఎండ పడేచోటు. పడమటివైపు, చూరు కింద, వానజల్లు తగలనిచోట, మోకాలెత్తున మాత్రం రెండు బారల పొడుగునా ఒక పట్టీ ఉంది. అక్కడ నాచు పొడుగ్గా, మెత్తగా, లేతగా, తలలు బయటికి వాల్చి ఉంది. మూడురోజులుగా వానలేదు. పైనున్నదంతా ఎండి చుట్టుకుపోయింది. ఇది మాత్రం విచ్చుకొనే ఉంది. ఏసీగొట్టం కింది నాచు చూడకపోతే ఆ తేడా నా కంటికి ఆనేది కాదు.

"బావగారూ, ఈ గోడలో గొట్టమేమైనా ఉందా?"

"ఉంది. స్నానాలగది కట్టినప్పుడు మిద్దెమీద టాంకునుంచి వేయించింది. ఇరవై ఏళ్ళయింది. అయితే?"

"అది కారుతోంది."

"కారితే బయటికి రాదూ? గోడ తడిగా లేదే!"

చెయ్యిపెట్టి చూచారు. తడిలేదు, కొంచెం చల్లగా ఉంది, అంతే. మేస్త్రీ కూడా తలాడించి, గొట్టానికి ఢోకాలేదన్నాడు. నా మాట పక్కకు పెట్టి బావగారు నన్ను తోటకు పంపించారు. నూజివీడు దగ్గర ఆయన పెదనాన్నగారి అబ్బాయికి పది ఎకరాల మామిడితోట ఉంది. "చెట్టుకు పట్టిన పాచి కూడా చూచిరా" అన్నారు, కాస్త వెటకారంగానే.

నాలుగోదారిన పోతూంటే లారీమోత తగ్గి, నేల ఎర్రబడుతుంది. తోటలు వస్తాయి. వేసవిలో ఈ దారి పొడుగునా గడ్డి పరచిన బుట్టలూ, రసాల వాసనా ఉంటాయి. భాద్రపదంలో ఆకులు కడిగినట్టు నిగనిగలాడుతూ, మనిషి అలికిడిలేక, కొలువు చాలించిన దర్బారులా ఉన్నాయి. కొన్నిచోట్ల మామిడి కొట్టేసి పామాయిల్ వేశారు. ఆ పామాయిల్ మాను మీద ఆకుమట్టలు నరికిన మొదళ్ళు గూళ్ళలా మిగులుతాయి. వాటిలో చెత్తాచెదారం కుళ్ళి, నాచూ, బుల్లి ఫెర్నుమొక్కలూ కాపురం పెట్టాయి. మామిడి పోయి పామాయిల్ వచ్చిందని మనం చింతిస్తాం, నాచు సర్దుకుపోయింది.

ఆ చిన్నరసం చెట్టు వయస్సు యాభై దాటి ఉంటుంది. మామిడి ఆకు రాల్చి మోడయ్యే చెట్టు కాదు. ఏడాది పొడుగునా కింద నీడే. బెరడు గరుకు, పగుళ్ళనిండా చెమ్మ. అక్కడి నాచు గోడనాచులా నిటారుగా నిలబడటం లేదు. చాపపరచినట్టు బెరడుకు అంటుకొని, కొమ్మలు వేసుకుంటూ పక్కలకు పాకింది. నిలబడి గుంపుకట్టేవి ఒక తెగ, పాకేవి ఒక తెగ. ఊళ్ళలో, రోడ్లమీద మొదటి తెగదే రాజ్యం. పాకేవాటికి ఎక్కువసేపు నిలిచే చెమ్మ కావాలి. పాకితే కొత్తచోటు తొందరగా దొరుకుతుందిగాని, ఒళ్ళంతా గాలికి విప్పినట్టే గదా.

తోటరైతు అడిగాడు: "ఇది చెట్టుపాలు తాగేస్తోందంటారండీ. పీచుపెట్టి రుద్దించమంటారా?"

"తాగేది అదిగో" అని పైకి చూపించాను. కొమ్మమీద బదనిక దర్జాగా ఎర్రపూలు పూసి ఉంది. అది కొమ్మలోకి వేరుదించి చెట్టునీళ్ళు లాగుతుంది. నాచు బెరడుమీద కూర్చుని వాన తాగుతుంది, అంతే. బదనికను కొట్టించమన్నాను. ఇంకొక సంగతి కూడా అక్కడే కంటబడింది. కిందటి పూతకు తెగులని ఏ వరసలకు బోర్డోమిశ్రమం కొట్టించాడో ఆ వరసల్లో మొదళ్ళు బోసిగా ఉన్నాయి. రాగి నాచుకు గిట్టదు. కొమ్మలు కత్తిరించి ఎండ దూరనిచ్చిన చెట్లమీదా నాచు పలచగా, పొట్టిగా ఉంది. ఒకే తోటలో ఏ చెట్టుకు ఏం చేశాడో ఆ రైతు చెప్పకుండానే మొదలు చూచి చెప్పవచ్చు. రెండు చెట్ల విషయంలో చెప్పాను కూడా. ఒకటి తప్పయింది, అది మందుకొట్టిన చెట్టుకాదు, నిరుడు మేకలు ఒరుసుకున్న చెట్టట.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పెరట్లో మట్టికుప్ప. అక్కయ్య నవ్వుతోంది. నేను వెళ్ళాక ఆవిడే పట్టుబట్టి, "వాడు చెప్పినచోట ఒక్క ఇటుక ఊడదీసి చూడరాదూ? ఎలాగూ గీకించేదేగా" అని మేస్త్రీచేత తవ్వించిందట. ఇటుక లోపలివైపు తడిసి ముద్దయి ఉంది. గొట్టం వంపు దగ్గర అతుకు తుప్పుపట్టి చీలింది. అక్కడినుంచి నీరు గోడ పునాది వెంబడే జారి, నూతిపళ్ళెం అంచుకు చేరుతోంది. అక్కయ్య కాలుజారిన జిగురుకు ఏళ్ళతరబడి నీళ్ళు పోస్తున్నది మిద్దెమీది టాంకు! గోడలోని ఆ తడి పైకి పొక్కకుండా సున్నం నెమ్మదిగా పీల్చి వదులుతోంది. నాచు దాన్ని నిలబడి తాగుతోంది.

బావగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మరి ఇన్నాళ్ళనుంచీ అక్కడ అది అలా పెరుగుతూనే ఉందా?" అన్నారు.

"ఉందండి."

"రోజూ చూస్తూనే ఉన్నాను. పాచే గదా అనుకున్నాను."

నేనూ నలభై ఏళ్ళు అలాగే అనుకున్నానని చెప్పాను.

అప్పుడు మేస్త్రీ కూడా అసలు సంగతి బయట పెట్టాడు. సున్నపుగోడకు సిమెంటు పూస్తే చెమ్మ ఊపిరాడక లోపలే ఉండిపోయి ఇటుకను తినేస్తుందని వాళ్ళ నాన్న చెప్పేవాడట. మరి ముందే చెప్పలేదేమయ్యా అంటే, "తమరు బస్తాలు తెచ్చేశారు గదండీ" అన్నాడు. అతుకు మార్చారు. నూతిపళ్ళెం అంచును ఆసిడు లేకుండా బ్లీచింగుతో కడిగించి, కాలు పట్టేందుకు ఉలితో గాట్లు పెట్టించారు. మూడోనాటికి అక్కడ మిగిలిన జిగురు ఎండి అప్పడంలా పెళ్ళలు లేచింది. వెనకగోడకు పూత మానేశారు. అయితే అయిదు బస్తాల సిమెంటు గడ్డకడుతుందని వీధివైపు గోడకు పూయించనే పూయించారు. అక్కడ నాచు పోయింది. అడ్డం పడలేదు, ఇల్లు ఆయనది.

జపానులో క్యోటో నగరంలో సైహోజీ అనే ఆలయంలో నాచుతోట ఉందనీ, అందులో 120 రకాల నాచులు ఉన్నాయంటారనీ, రాలిన ఆకులు కూడా నాచు నలగకుండా చీపుళ్ళతో మెల్లగా ఊడుస్తారనీ భోజనాల దగ్గర చెప్పాను. "వాళ్ళకు పాచిమనిషి దొరకదేమో" అన్నారు బావగారు. ఆయన స్వభావం తిరిగి వచ్చిందని సంతోషించాను.

వచ్చేసే రోజున చిన్నవాడు కూడలినుంచి రూపాయిబిళ్ళంత వెండిదిండు ఒకటి చాకుతో లేపి తెచ్చాడు. దాన్ని రెండుముక్కలు చేయించాను. ఒకటి పెరుగుకప్పులో పెట్టి స్నానాలగది కిటికీలో ఉంచి రోజూ నీళ్ళు చిలకరించమన్నాను. రెండోది మేడమీద పిట్టగోడపైన పెట్టి ముట్టుకోవద్దన్నాను. మంచు పడితే తాగుతుంది, లేకపోతే పడుకుంటుంది.

మార్గశిరంలో ఒకనాటి రాత్రి ఫోను వచ్చింది.

"తాతయ్యా, వెండి పోయింది!"

"ఏ ముక్కకు?"

"కిటికీలోదానికి. కింద పాత ఆకులు తెల్లగానే ఉన్నాయి. పైన కొత్తగా వచ్చినవన్నీ పచ్చగా, పొడుగ్గా ఉన్నాయి. ఏసీ కింద చూచామే, అట్లా. మేడమీదది అలాగే ఉంది, అస్సలు పెరగలేదు."

"మంచిదేగా."

"మంచిదేమిటి? వెండిదే బాగుంది. ఇవాళ రెంటికీ చోటు మార్చేశాను. పచ్చదాన్ని మేడమీద పెట్టాను."

చస్తుందేమోరా, ఒక్కసారిగా ఎండలో పెట్టకు, రోజుకు కాస్సేపు చొప్పున అలవాటు చెయ్యి అన్నాను. అట్లాగే అని ఫోను అక్కయ్యకిచ్చాడు. మణికట్టు కట్టు విప్పేశారనీ, చెంబు ఎత్తగలుగుతున్నాననీ చెప్పింది. వెనకగోడమీద ఆ పట్టీ ఎట్లా ఉందని అడిగాను.

"ఎండిపోయి, మిగతా గోడలాగే కురచగా అయిపోయిందిరా. మీ బావగారు రోజూ కాఫీగ్లాసు పుచ్చుకొని వెళ్ళి చూచి వస్తున్నారు" అంది.